నాలుకతో ఒళ్లు శుభ్రం చేసుకునే ప్రాణులకు ఇంటి వైద్యం

మన వైపు పల్లెల్లో పశువుల వైద్యం పుస్తకాలు చదివి నేర్చుకున్నది కాదు. బర్రెకు పొదుగు వాచితే కలబంద, పసుపు, సున్నం కలిపి నూరి పట్టించడం, ఎద్దు పుండుకు పురుగులు పడితే సీతాఫలం ఆకు దంచి కట్టడం నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో రైతు ఇంట పుట్టినవారికి ఎవరూ చెప్పనక్కరలేని సంగతులు. ఆ చేతులే ఇప్పుడు ఇంట్లో పెరుగుతున్న కుక్కకూ పిల్లికీ అవే మందులు పూస్తున్నాయి. చిక్కంతా అక్కడే వస్తున్నది. బర్రె పొదుగుకు పూసినది పొదుగు మీదే ఆరిపోతుంది. కుక్క ఒంటికి పూసినది పావుగంట తిరగకముందే దాని కడుపులోకి పోతుంది. పిల్లి సంగతి చెప్పనే అక్కరలేదు, మెలకువగా ఉన్న సమయంలో చాలా భాగం అది ఒళ్లు నాక్కోవడంలోనే గడుపుతుంది.

అందుచేత ఈ రెండింటికీ ఇంట్లో ఏ మందు వాడాలన్నా మొదట వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: ఇది నోట్లోకి పోతే ఏమవుతుంది? కలబంద ఆకు కోసినప్పుడు అంచు నుంచి కారే పసుపుపచ్చని జిగురు కడుపులోకి పోతే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. పశువుల పుండ్ల నూనెల్లో వేసే వెల్లుల్లి, మన కూరల్లో వేసే ఉల్లిగడ్డ కుక్క రక్తంలోని ఎర్ర కణాలను విరగ్గొడతాయి, పిల్లికి ఇంకా తక్కువ మోతాదులోనే ఆ హాని జరుగుతుంది. కర్పూరం, యూకలిప్టస్ నూనె, జలుబుకు మనం రాసుకునే ఘాటైన లేపనాలు కూడా నాకితే హాని చేసేవే. పిల్లిని చిన్న కుక్కగా భావించడం మరో పొరపాటు. మనిషి, కుక్క కాలేయం సులువుగా విడగొట్టి బయటికి పంపగల రసాయనాలు కొన్నింటిని పిల్లి కాలేయం విడగొట్టలేదు. జ్వరానికి మనం వేసుకునే 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ గోలీ ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం పోవడానికి. కుక్కకు కూడా ఆ గోలీ గాని, ఐబుప్రొఫెన్ గాని ఇంటి మోతాదులో వేయడానికి వీలు లేదు.

ముందు చూడవలసినవి

ముక్కు తడిగా ఉంటే ఆరోగ్యం, పొడిగా ఉంటే జ్వరం అన్న మాటను నమ్ముకోకూడదు. నిద్ర లేచిన కుక్క ముక్కు తరచుగా పొడిగానే ఉంటుంది. ఇరవై ముప్పై నిమిషాలు పట్టని నాలుగు పరీక్షలు ఇంట్లోనే చేసుకోవచ్చు. మొదటిది వేడి. మందుల దుకాణంలో దొరికే డిజిటల్ థర్మామీటరు ఒకటి వీటి కోసమే విడిగా పెట్టుకుని, కొనకు కొబ్బరి నూనె రాసి, తోక ఎత్తి మలద్వారంలోకి అంగుళం లోతు మాత్రమే నెమ్మదిగా పెట్టాలి. ఒకరు తల దగ్గర పట్టుకుని మాట్లాడుతూ ఉంటే మరొకరు చూడడం తేలిక. కుక్కకైనా పిల్లికైనా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు ఉండడం మామూలే, మనిషి లెక్కతో చూసి జ్వరమని కంగారుపడకూడదు. 103 దాటితే జ్వరం. 99 కంటే తగ్గినా అంతే ప్రమాదం, చాలామంది ఆ వైపు చూడరు.

రెండవది చిగుళ్లు. పై పెదవి ఎత్తి చూస్తే లేత గులాబీ రంగులో, తడిగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. సున్నంలా పాలిపోయినా, పచ్చబడినా, నీలి రంగు తిరిగినా ఇంటి వైద్యం మాట మరచిపోయి పశువుల దవాఖానకు బయలుదేరాలి. మూడవది ఒంట్లో నీటి శాతం. భుజాల మధ్య చర్మాన్ని రెండు వేళ్లతో పైకి లాగి వదిలితే వెంటనే సర్దుకోవాలి, గుడారంలా నిలబడిపోతే నీరు తగ్గిందని అర్థం. నాలుగవది గుర్తు పెట్టుకోవడం మాత్రమే: చివరిసారి ఎప్పుడు తిన్నది, ఎప్పుడు మూత్రం పోసింది, మలం ఏ రంగులో ఉన్నది. ఈ నాలుగు తెలిసిన తరువాతనే వంటింటి వైపు నడవాలి.

విరేచనాలు, వాంతులు

ఇంట్లో చక్కబెట్టగలిగిన వాటిలో మొదటిది ఇదే. పెళ్లి పందిరి వెనుక పారేసిన బిర్యానీ తిన్నదో, బోనాల నాటి మాంసపు ముక్కలు ఎక్కువైనవో, పెద్ద కుక్కకు ఒకటి రెండు రోజులు కడుపు చెడడం సహజం. విరేచనాలతో పాటు వాంతులు కూడా ఉండి, హుషారు తగ్గకుండా ఉన్న పెద్ద కుక్కకు 12 గంటలు తిండి ఆపవచ్చు. నీళ్లు మాత్రం ఆపకూడదు, అయితే గిన్నెడు ఒకేసారి పెడితే అంతా తాగి అంతా కక్కుతుంది కనుక కొద్ది కొద్దిగా అరగంటకొకసారి పెట్టాలి. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపిన నీరు గాని, దుకాణంలో దొరికే ఓఆర్‌ఎస్ పొట్లం కలిపిన నీరు గాని మంచిది. చెంచాలన్నీ తల గీసి కొలిచినవే కావాలి, ఉప్పు ఎక్కువైతే మేలుకు బదులు కీడే జరుగుతుంది. తాగనంటే సూది తీసేసిన సిరంజితో దవడ పక్క సందులోంచి బొట్టు బొట్టుగా పోయాలి. తల పైకి వంచి గొంతులో గుమ్మరిస్తే నీరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మందు పోసేటప్పుడు జరిగే ప్రమాదాల్లో ఇది తరచుగా చూసేది.

కడుపు కుదుటపడిన తరువాత మెత్తగా ఉడికించిన తెల్ల అన్నం మూడు వంతులు, ఎముక, తోలు, ఉప్పు, కారం, ఉల్లి లేకుండా ఉడికించి పీచులుగా చీల్చిన కోడి మాంసం ఒక వంతు కలిపి, మామూలుగా తినే దానిలో సగం కంటే తక్కువ పెట్టి, రోజుకు నాలుగైదు సార్లుగా పంచాలి. మాంసం తినని ఇళ్లలో ఉడికిన కోడిగుడ్డు గాని, ఒకటి రెండు చెంచాల పుల్లబడని పెరుగు గాని సరిపోతుంది. ఉడికించి మెదిపిన గుమ్మడికాయ, పెద్ద కుక్కకు రెండు చెంచాలు, పిల్లికి అర చెంచా, విరేచనానికీ మలబద్ధకానికీ రెండింటికీ పనిచేసే వస్తువు, ఎందుకంటే అందులోని పీచు నీటిని పట్టి ఉంచుతుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు జొన్న రొట్టె, గటక పెట్టడం మన పల్లెల్లో ఉన్నదే, అందులో తప్పు లేదు, కాని కడుపు చెడిన రోజున బియ్యం జావే తేలికగా అరుగుతుంది. రెండు రోజులు ఇలా పెట్టి, మూడవ రోజు నుంచి పాత తిండిని కొద్ది కొద్దిగా కలుపుతూ రావాలి.

తిండి ఆపే పద్ధతి పిల్లలకు, అంటే ఆరు నెలల లోపు కుక్కపిల్లలకు, పిల్లికూనలకు ఎంతమాత్రం పనికిరాదు. వాటి ఒంట్లో చక్కెర నిల్వ ఉండదు, పూట తిండి తప్పితేనే సొమ్మసిల్లుతాయి. పెద్ద పిల్లికి కూడా తిండి ఆపకూడదు. పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకుంటే దాని కాలేయంలో కొవ్వు పేరుకుని అదే ప్రాణం మీదికి తెస్తుంది. టీకా వేయని కుక్కపిల్లకు నీచు కంపు కొట్టే నెత్తుటి విరేచనాలు, వాంతులు మొదలైతే అది పార్వో కావచ్చు. ఆ జబ్బుకు పెరుగన్నం, దానిమ్మ తొక్క కషాయం అంటూ గడిపిన ప్రతి గంటా ఆ పిల్లకు నష్టమే, సెలైన్ ఎక్కించడమే దాని ప్రాణం నిలబెట్టేది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి టీకాలు వేయిస్తే చాలా వరకు ఆ పరిస్థితి రాదు.

పిల్లికి పాలు పోయడం గురించి ఒక మాట. పిల్లి పాలు తాగడం ఇష్టపడుతుంది, నిజమే. కాని పెరిగిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు. ఏ మందుకూ తగ్గని పిల్లి విరేచనాలు పాలు మానిపించగానే తగ్గిపోవడం తరచుగా జరిగేదే.

గోమార్లు

వానకాలం మొదలయ్యే ముందు, రోహిణి కార్తె వేడికి వీధికుక్క చెవులు చూస్తే నెత్తురు తాగే గోమార్లు (పిడుదులు) శనగగింజల్లా వేలాడుతుంటాయి. వీటిని తీసే విషయంలో ఇంటికొక పద్ధతి ఉన్నది. “కిరసనాయిల్ సుక్క ఎయ్యి బిడ్డా, అదే రాలిపోతది” అని మా వాడకట్టు అవ్వ చెప్పేది, అగ్గిపుల్ల అంటించే వారూ ఉన్నారు. రెండూ తప్పే. కిరోసిన్ గాని, వేడి గాని తగిలినప్పుడు గోమారు విలవిలలాడి తన ఒంట్లోని ద్రవాన్ని కుక్క ఒంట్లోకి కక్కవచ్చు, జ్వరం తెచ్చే క్రిములు ఆ ద్రవంలో ఉండవచ్చు. సరైన పద్ధతి చాలా సాదాది: చేతికి తొడుగు గాని పాలిథిన్ సంచి గాని తొడుక్కుని, సన్నని చిమటాతో గోమారును చర్మానికి ఆనుకుని ఉన్న మూతి దగ్గర పట్టుకుని, తిప్పకుండా, కుదపకుండా నిదానంగా నేరుగా పైకి లాగాలి. తీసిన దానిని గోటితో నలపకుండా సబ్బు నీళ్ల గిన్నెలో వేయాలి. కాలివేళ్ల సందులు, చెవి మడతలు, చంకలు, తోక కింద, మెడపట్టీ కింద ప్రతిరోజూ వెతకాలి.

వేపాకు ఇక్కడ ఉపయోగపడుతుంది, కాని ఎంతవరకో తెలుసుకుని వాడాలి. నాలుగు గుప్పెళ్ల వేపాకు నాలుగు లీటర్ల నీళ్లలో రంగు దిగేదాకా మరిగించి, పూర్తిగా చల్లార్చి, వడకట్టి, స్నానం అయిన తరువాత కుక్క ఒంటి మీద పోసి ఆరనివ్వాలి. వారానికి ఒకసారి చేస్తే దురద తగ్గుతుంది, కొత్తవి పట్టడం కొంత తగ్గుతుంది, అప్పటికే పట్టుకున్నవి మాత్రం రాలవు. వేపనూనెను నేరుగా పూయకూడదు. పిల్లికి నూనె మాటే వద్దు, ఆ నూనె నాకిన పిల్లులు వణుకు పట్టి పడిపోయిన సందర్భాలు వైద్యులు నమోదు చేసి ఉన్నారు. మహబూబ్‌నగర్ జిల్లా బాలానగర్ పేరు సీతాఫలంతో ముడిపడి ఉన్నది కనుక ఆ గింజల పొడి ప్రస్తావన కూడా ఇక్కడే చేయాలి. పేనుకు, గోమారుకు ఆ పొడి పూయడం పాత అలవాటు. పురుగును చంపే గుణం దానిలో ఉన్న మాట నిజమే, అయితే రవ్వంత కంట్లో పడినా కంటి నల్లగుడ్డు పైపొర దెబ్బతింటుంది. ఒళ్లు విదిలించే కుక్క మీద పొడి చల్లితే దాని కళ్లకే కాదు, చల్లిన వారి కళ్లకూ ముప్పే.

అసలు గోమార్ల యుద్ధం కుక్క ఒంటి మీద గెలిచేది కాదు. నెత్తురు తాగి ఉబ్బిన ఆడ గోమారు కిందికి రాలి గోడ పగుళ్లలో, గడప సందుల్లో, గోనె సంచి మడతల్లో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. పిల్ల గోమార్లు తిండి లేకుండా నెలల తరబడి అక్కడ దాగి ఉండగలవు. మట్టి గోడలు, నాపరాళ్ల అరుగులు ఉన్న ఇళ్లలో ఈ బెడద తరచుగా తిరిగి రావడానికి కారణం ఇదే. పగుళ్లను సిమెంటుతో పూడ్చి, సున్నం వేసి, కుక్క పడుకునే గోనెను వారానికొకసారి మరిగే నీళ్లలో ముంచి మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆరవేసి, అది పడుకునే మూలను రోజూ ఊడ్చి ఆ చెత్తను కాల్చివేస్తే రెండు మూడు నెలల్లో తేడా కనిపిస్తుంది. ఇంత చేసినా తగ్గకుంటే వైద్యుడు రాసే మెడ మీద వేసే చుక్కలో, నమిలే గోలీయో తప్పదు. ఒక్క హెచ్చరిక: కుక్కల కోసం అమ్మే చుక్కల మందుల్లో కొన్నింటిలో పర్మెత్రిన్ ఉంటుంది, అది పిల్లికి విషం. కుక్కకు వేసిన రోజున దాని పక్కన పిల్లిని పడుకోనివ్వకూడదు.

గోమార్లు పట్టిన కుక్క నీరసించి, తిండి మాని, చిగుళ్లు పాలిపోయి, ముక్కులోంచి నెత్తురు కారితే అది గోమారు జ్వరం కావచ్చు. రక్తపరీక్ష చేయించి, వైద్యుడు చెప్పినన్ని రోజులూ మందు వాడాలి. సాధారణంగా మూడు నాలుగు వారాలు పడుతుంది, నాలుగో రోజు లేచి తిరిగిందని మందు ఆపితే జబ్బు మళ్లీ పైకి వస్తుంది.

గజ్జి, తామర

మా వాడకట్టులోనే ఒక ఇంట్లో గజ్జి పట్టిన కుక్కకు ఎవరో చెప్పారని ఇంజన్‌లోంచి తీసిన నల్లని పాత ఆయిల్ ఒళ్లంతా పూశారు. మూడు రోజులకు గజ్జి సంగతి ఎలా ఉన్నా కుక్క లేవలేకపోయింది. ఆ నూనెలో లోహాలు, కాలిన రసాయనాలు ఉంటాయి, చర్మం గుండానూ నాలుక గుండానూ అవి ఒంట్లోకి పోతాయి. పూసిన కుక్క కనిపిస్తే గిన్నెలు తోమే ద్రవంతో రెండు మూడు సార్లు గోరువెచ్చని నీళ్లలో కడిగి, వైద్యుడికి చూపించాలి.

గజ్జికి కారణం చర్మంలో బొరియలు చేసే కంటికి కనిపించని పురుగు, కనుక దానికి పూర్తి వైద్యం ఇంట్లో లేదు. ఇంటివారు చేయగలిగింది పొక్కులను మెత్తబరచి, దురద తగ్గించడం. వెంట్రుకలు కత్తిరించి, వేపాకు నీళ్లతో కడిగి, ఆరిన తరువాత పొడిబారిన చోట్ల పలుచగా కొబ్బరి నూనె రాయవచ్చు, అది నాకినా ప్రమాదం లేదు. చెవి అంచులు, మోచేతులు మొదట బోడిగా మారే రకం గజ్జి మనుషులకూ అంటుతుంది కనుక పిల్లలను దూరంగా ఉంచాలి. పిల్లి ఒంటి మీద గుండ్రంగా వెంట్రుకలు రాలితే తామర కావచ్చు, అది కూడా అంటేదే. పశువులకు వేసే ఐవర్‌మెక్టిన్ సూదిని తెలిసినవారి చేత కుక్కకు వేయించే అలవాటు కొన్ని ఊళ్లలో ఉన్నది. కోలీ వంటి జాతులకు ఆ మందు మెదడుకెక్కి ప్రాణం తీస్తుంది, సంకర కుక్కలో ఏ జాతి రక్తం ఉన్నదో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

పుండ్లు

గీరుకుపోయిన గాయమైతే చుట్టూ వెంట్రుకలు కత్తిరించి, అర లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచా ఉప్పు కలిపి ధారగా పోసి కడగాలి. మురికి పోయేదాకా ఐదు నిమిషాలు ఓపికగా పోయడంలోనే వైద్యమంతా ఉన్నది, తరువాత పూసే మందు రెండవ స్థానానిది. శుభ్రమైన గుడ్డతో అద్ది, పొడిగా ఉన్న చిన్న గాయానికి ఇంట్లో దంచిన పసుపు కొద్దిగా అద్దవచ్చు. బజారు పసుపు వద్దు, అందులో రంగు కలిసి ఉండవచ్చు. పొవిడోన్ అయోడిన్ ఉంటే పలుచని టీ రంగు వచ్చేలా నీళ్లలో కలిపి వాడాలి. నీళ్లలో కలిపితే తెల్లగా మారే వాసన మందులు, ఫినాయిలు పిల్లి దరికి రానివ్వకూడదు, వాటితో తుడిచిన గచ్చు ఆరకముందే పిల్లి నడిచి పాదాలు నాకినా ప్రమాదమే. గాయాన్ని నాకకుండా మెడకు గరాటా కావాలి. పాత ప్లాస్టిక్ బకెట్ అడుగు కోసి, అంచుకు గుడ్డ చుట్టి, మెడపట్టీకి కట్టితే డబ్బు పెట్టకుండానే ఆ పని జరుగుతుంది.

కుక్కలు కొట్లాడినప్పుడు పడే పంటి గాట్లు పైకి చుక్కంత, లోపల గుంటంత ఉంటాయి. వాటిని కట్టు కట్టి మూయకూడదు, రెండు రోజుల్లో చీము పడుతుంది. వానకాలంలో ఈగ వాలిన పుండులో ఒక్క రోజులోనే పురుగులు పుడతాయి. కుక్క అదే పనిగా ఒకే చోట నాకుతూ, దగ్గరికి వెళితే కుళ్లు కంపు కొడుతుంటే వెంట్రుకలు విడదీసి చూడాలి. పైకి కనిపించే పురుగులను చిమటాతో ఏరి ఉప్పు నీళ్లతో కడిగి తీసుకువెళ్లాలి. టర్పెంటైన్ పోస్తే పురుగులు బయటికి వస్తాయి, అందులో సందేహం లేదు, కాని పచ్చి మాంసం మీద అది నిప్పులా మండుతుంది, నాకితే విషం. వైద్యుడు కొలిచి వాడే వస్తువు అది.

ఎండదెబ్బ

నల్లగొండ ఎండ గురించి నల్లగొండవారికి చెప్పనక్కరలేదు. మే నెలలో 45 డిగ్రీల సెల్సియస్ తాకే రోజుల్లో ఇనుప రేకుల కింద, మూసిన కారులో, నీడ తిరిగిపోయిన చోట గొలుసుతో కట్టివేసిన కుక్కకు తప్పించుకునే దారి ఉండదు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పడమే దాని చల్లదనం. మూతి పొట్టిగా ఉండే పగ్ కుక్కకు, పర్షియన్ పిల్లికి అదీ సరిగా చేతకాదు. నిలుపు లేకుండా రొప్పుతూ, జిగురు చొంగ కారుతూ, చిగుళ్లు చిక్కని ఎరుపెక్కి, నడక తూలితే అది ఎండదెబ్బ. ఒంటి వేడి అప్పటికే 104 దాటి ఉంటుంది.

వెంటనే నీడకు తెచ్చి, మామూలు నీళ్లతో పొట్ట, చంకలు, తొడల లోపలి వైపు, పాదాలు తడిపి ఫ్యాను గాలి తగలనివ్వాలి. మంచునీళ్లు పోయకూడదు, చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుని లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. తడిగుడ్డ కప్పి వదిలివేయడం కూడా పొరపాటే, కాసేపటికి ఆ గుడ్డే దుప్పటిలా వేడిని పట్టి ఉంచుతుంది. తడిపి, గాలి ఆడనివ్వాలి. స్పృహ ఉంటే నీళ్లు ముందు పెట్టాలి, బలవంతంగా పోయకూడదు. వేడి 103కు దిగగానే తడపడం ఆపి దవాఖానకు తీసుకుపోవాలి. లేచి తిరుగుతున్నదని ఊరుకుంటే మూత్రపిండాల దెబ్బ మరునాడో ఎల్లుండో బయటపడుతుంది.

ఎండాకాలమంతా సగం పూడ్చిన మట్టి కుండలో నీళ్లు పెట్టడం, వేపచెట్టు కింద ఇసుక పోసి తడపడం, ఉప్పు, మిరప లేని పలుచని మజ్జిగ పూటకొక గిన్నె పోయడం, ఉదయం ఏడు లోపు, చీకటి పడ్డాక మాత్రమే నడిపించడం చేస్తే చాలా వరకు గట్టెక్కుతుంది. సీసీ రోడ్డు మీద మన చేతి వెనుక భాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ ఆనవు. నీళ్ల విషయంలో మరొక మాట: ఫ్లోరైడ్ బోరు నీళ్ల బాధ మన జిల్లాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు, పశువుల పళ్లనూ ఎముకలనూ కూడా అది పాడుచేస్తుంది. కుక్క గిన్నెలో కూడా నల్లా నీళ్లే పోయాలి.

చెవి, కన్ను, జలుబు

చెవి గోధుమ రంగు మురికితో వాసన వేస్తుంటే గోరువెచ్చని కొబ్బరి నూనెలో ముంచిన దూదితో కంటికి కనిపించినంత మేర తుడవాలి, పుల్లలు లోపలికి పెట్టకూడదు, నూనె పోయకూడదు. తల ఒక వైపు వంచి తిరిగితే జబ్బు లోపలి చెవిదాకా పోయిందని అనుమానించాలి. కంటి పుసిని ఉప్పునీటి దూదితో ముక్కు వైపు నుంచి బయటికి తుడిస్తే చాలు, ఇంట్లో మిగిలిన మన కంటి చుక్కలు వేయకూడదు. జలుబు చేసిన పిల్లిని స్నానాల గదిలో వేడినీళ్ల ఆవిరి పట్టించి పది నిమిషాలు కూర్చోబెట్టి, ముక్కు తుడిచి, గోరువెచ్చగా వేడి చేసిన చేప ముక్క పెట్టాలి. వాసన తెలియకనే అది తిండి మానేది. పెద్ద కుక్క పొడి దగ్గుకు అర చెంచా తేనె ఇవ్వవచ్చు.

మగపిల్లి మట్టిలో కూర్చుని ముక్కుతూ, అరుస్తూ, చుక్క మూత్రం రాకుంటే అది మలబద్ధకమని ఆముదం పోసే వారున్నారు. మూత్రనాళం మూసుకుపోయిన పిల్లి ఒకటి రెండు రోజుల్లో చనిపోతుంది. దానికి ఇంటి వైద్యం అనే మాటే లేదు.

చేలలోని విషాలు

ఆముదం మన జిల్లాల పాత పంట. ఆముదం నూనెలో విషం ఉండదు, గింజలోనూ, నూనె తీసిన తరువాత మిగిలే చెక్కలోనూ ఉంటుంది. ఆ చెక్కను ఎరువుగా పూల కుండీల్లో, కూరగాయల మడుల్లో వేస్తే దాని వాసనకు కుక్క తవ్వి మరీ తింటుంది. కొన్ని గంటల నుంచి రెండు రోజుల లోపు వాంతులు, నెత్తుటి విరేచనాలు మొదలవుతాయి, దీనికి విరుగుడు మందు లేదు, తొందరగా సెలైన్ పెట్టించడమే దారి. కుక్క ఉన్న ఇంట్లో ఆ ఎరువు వాడకపోవడమే మంచిది. ఎలుకల మందు తిన్న కుక్క రెండు మూడు రోజులు మామూలుగానే తిరిగి, తరువాత ముక్కు, చిగుళ్ల నుంచి నెత్తురు కారి పడిపోవచ్చు. పత్తి చేలో మందు కొట్టిన రోజున తిరిగి వచ్చిన కుక్క చొంగ కార్చి వణికితే ఒంటికి అంటినదానిని సబ్బుతో కడుగుతూనే బండి సిద్ధం చేసుకోవాలి. విషం తిన్నదని ఉప్పునీళ్లు పోసి కక్కించడం, పాలు, పచ్చి గుడ్లు, నూనె పట్టించడం వల్ల మేలు జరగదు. ఉప్పు తానే మరో విషమవుతుంది.

నల్లమల అంచున అచ్చంపేట, మన్ననూరు వైపు, దేవరకొండ గుట్టల్లో పాము కరిచిన కుక్కలూ తక్కువేమీ కాదు. కోయడం, కట్టు బిగించడం, పసరు పోయడం చేయకుండా, నడిపించకుండా ఎత్తుకుని తీసుకుపోవాలి. మనిషికి వేసే విరుగుడు సూదే దానికీ పనిచేస్తుంది.

పిచ్చికుక్క కాటుకు ఏ ఇంటా మందు లేదు. కాటుపడింది మన కుక్కైనా, మనమైనా గాయాన్ని సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, ఆకు పసరు పెట్టకుండా మనిషి అదే రోజు టీకా మొదలుపెట్టి అన్ని డోసులూ పూర్తి చేయాలి. కుక్కకు మూడు నెలల వయసులో మొదటి టీకా, తరువాత ఏటా ఒకటి. జూలై 6, సెప్టెంబరు 28 తేదీల్లో చాలా పశువుల దవాఖానల్లో ఇది ఉచితంగా వేస్తారు.

దవాఖానకు బయలుదేరేటప్పుడు ప్రాణి బరువు ఎంతో, చివరిసారి తిన్నది ఏమిటో, చూసిన వేడి ఎంతో కాగితం మీద రాసుకుని, మలం ఫోటో ఫోనులో తీసుకుని, విషమని అనుమానం ఉంటే ఆ పొట్లాన్ని గాని సీసాను గాని సంచిలో వేసుకుని వెళ్లాలి. ఇంట్లో ఇంతకుముందు ఏమి పూశారో, ఏమి పోశారో కూడా దాచకుండా చెప్పాలి. పెద్ద కేసులకు రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల వరకు పోవలసి వస్తే, దారిలో పిల్లిని గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలోనూ, కుక్కను మూతికి మెత్తటి గుడ్డ వదులుగా కట్టి ఒడిలోనూ ఉంచాలి. వాంతులు చేసుకుంటున్న కుక్కకూ, రొప్పుతున్న కుక్కకూ మాత్రం మూతి కట్టకూడదు.